ఒక్కటే టిక్కెట్టు

ఆ ఉదయం నూకరత్నం బండి నుంచి టీ రాలేదు.

టిక్కెట్ల యంత్రంలో కొత్త కాగితం చుట్ట ఎక్కించి, మూత నొక్కి, మొదటి చీటీ మీద అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో వెలుతురుకు ఎత్తి చూసుకునేసరికి సరోజిని బల్ల మీదికి రోజూ గ్లాసు వచ్చేది. స్టీలు గ్లాసు, దాని మీద మూతగా చిన్న పళ్ళెం, కౌంటరు గదంతా అల్లం వాసన. ఎన్నో ఏళ్ళ అలవాటు. బస్టాండు గేటు పక్కనే టిఫిను బండి పెట్టుకున్న నూకరత్నం, పొయ్యి మీద దించిన తొలి టీ తనే తెచ్చి ఇచ్చి, "వదినా, సల్లారిపోద్ది" అని వెళ్ళేది. ఆ తర్వాతే డ్రైవర్లకు పోసేది.

సరోజిని కౌంటరు అద్దంలోంచి చూసింది. నూకరత్నం డ్రైవర్లకు టీ పోస్తోంది. పోసి, గిన్నె పక్కన పెట్టి, కౌంటరుకు వీపు పెట్టి నిలబడింది.

రంగత్ నుంచి పోర్ట్‌బ్లేయర్ వెళ్ళే తొలి బస్సుకు ఆలస్యం పనికిరాదు. దారిలో జార్వా ఆదివాసుల అడవి ఉంది. పోలీసులు ముందూ వెనకా ఉండి బళ్ళన్నిటినీ ఒక వరసగా దాటిస్తారు. ఆ వరస తప్పితే మళ్ళీ వరస కట్టేదాకా గేటు దగ్గర పడి ఉండాలి. అందుకని పెద్దాస్పత్రికి పోయేవాళ్ళూ, కోర్టు పనుల వాళ్ళూ, ఓడెక్కి మెయిన్‌లాండ్ పోయేవాళ్ళూ తెల్లవారుతూండగానే సరోజిని కిటికీ ముందు నిలబడతారు. అద్దం అడుగున అర్ధచంద్రంలా ఒక సందు. అందులోంచి చేతులు వస్తాయి. బంకమట్టి ఇంకిన గోళ్ళు, చేపల వాసన వేళ్ళు, గోరింటాకు పెట్టుకున్న అరచేతులు. మొహం చూడకుండానే చాలామందిని ఆమె పోల్చుకోగలదు.

ఇప్పుడు వచ్చిన చెయ్యి ఎరుకమ్మది. మోకాళ్ళ నొప్పులకు నెలనెలా ఆస్పత్రికి వెళ్ళే ముసలామె.

"ముందు సీటు ఇయ్యమ్మా. కాళ్ళు ముడవలేను." చీటీ అందుకున్నాక చెయ్యి వెనక్కి పోలేదు. ఎరుకమ్మ వంగి సందు దగ్గర మొహం పెట్టింది. "నిజమేనేటి? తిరుమలరావు కూతురికీ, ఆ కుర్రోడికీ నువ్వే టిక్కెట్లిచ్చీసినావట?"

"ఏ కుర్రాడు?"

"ఏమో. బెంగాలీవోడంటారు. మొబైల్ షాపులో ఉంటాడంటారు."

"ఒక్కటే ఇచ్చాను పిన్నీ. దీపిక ఒక్కతే వచ్చింది."

"ఊరంతా ఇద్దరంటున్నాదే."

"ఇచ్చింది నేను. నాకు తెలీదా?"

ఎరుకమ్మ ఆమె కేసి జాలిగా చూసింది. నమ్మలేదని ఆ చూపులోనే తెలిసింది. వెనక నిలబడ్డవాళ్ళు వింటున్నారు. "నెక్స్ట్" అంది సరోజిని.

మొన్న ఇదే వేళకు దీపిక వచ్చింది. నీలం చున్నీ తలచుట్టూ కప్పుకుంది. సందులోంచి ఆధార్ కార్డు తోసి, "అత్తా, కిటికీ పక్కన సీటు ఇవ్వు" అంది. చిన్నప్పుడు, తల్లి నూకరత్నం బండి దగ్గర పనిలో ఉంటే, ఈ కౌంటరు గదిలోనే, ఈ బల్ల కిందే కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్ల. సరోజిని కార్డు తిరిగి ఇస్తూ, "అమ్మకు చెప్పే వెళ్తున్నావా?" అని అడిగింది. దీపిక కళ్ళెత్తకుండా తల ఊపింది. అంతే. వెనక ఇంకా జనం ఉన్నారు. బస్సు హారను కొడుతోంది.

ఆ తల ఊపడం గురించి సరోజిని ఎవరికీ చెప్పలేదు. చెబితే, అడిగావు కదా, అనుమానం వచ్చింది కదా, మరి ఎందుకు ఆపలేదు అంటారు. పిల్ల తనతో అబద్ధమాడి వెళ్ళిందన్న బాధ మాత్రం ఉండిపోయింది.

తిరుమలరావు పదకొండు గంటల బస్సు వెళ్ళాక వచ్చాడు. ఫారెస్టు డిపోలో పని చేస్తాడు. తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. సందు దగ్గర వంగకుండా నిటారుగా నిలబడి అద్దం మీద వేలితో కొట్టాడు. సరోజిని లేచి పక్క తలుపు తీసింది.

"నా కూతురు నీ ముందు నిలబడితే నీకు తెలీలేదా?"

"తెలిసింది అన్నయ్యా."

"తెలిసి కూడా ఒక్క ఫోను చెయ్యలేకపోయావు."

"డ్యూటీలో ఉన్నాను. చదువుకున్న పిల్ల, మైనరు కాదు. కార్డు చూపించింది. టిక్కెట్టు ఇవ్వనని ఎలా అంటాను?"

"డ్యూటీ!" అతను బస్టాండు వైపు తిరిగాడు, అందరూ వినాలన్నట్టు. "శ్రీకాకుళంలో మా అక్కకి, వాళ్ళబ్బాయికి పిల్లనిస్తానని మాటిచ్చాను. వాళ్ళు ఓడ టిక్కెట్లు కూడా తీసుకున్నారు. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఈవిడ డ్యూటీ చేసిందట, సున్‌లో సబ్ లోగ్."

అప్పుడు బండి దగ్గర్నుంచి నూకరత్నం గొంతు లేచింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నా కొంపలో నిప్పెట్టీసింది! నా పిల్లని బస్సెక్కించీసి ఏటీ తెలీనట్టు కూకుంది! దాని కళ్ళు పోవాలి! దాని చేతులు పడిపోవాలి!"

ఆటోవాళ్ళు మాటలు ఆపేశారు. అరటిపళ్ళ బండి దగ్గర బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. సరోజిని తలుపు పట్టుకుని నిలబడి నూకరత్నం మొహంలోకి చూసింది. నూకరత్నం తన వైపు చూడటం లేదు, మొగుడి వైపు చూస్తూ తిడుతోంది. ఆ సంగతి అప్పుడు ఆమెకు పట్టలేదు. లోపలికి వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నం బస్సుకు ఇద్దరికి ఒకే సీటు నంబరు ఇచ్చి, మళ్ళీ దిద్దింది.

చిన్న ఊళ్ళో మనిషిని వెలివేయడానికి ఎవరూ దండోరా వేయనక్కర్లేదు. పాలు పోసే మనిషి, గేదె ఒట్టిపోయిందని చెప్పింది. పక్కింటికి మాత్రం పాలు వెళ్తూనే ఉన్నాయి. వీధి కుళాయి దగ్గర సరోజిని వెళ్ళగానే మాటలు ఆగిపోయి, బిందె నిండే చప్పుడే మిగిలేది. బజారులో కూరగాయలు అమ్మే, రాంచీ నుంచి వచ్చినామె ఒక్కతే ఎప్పటిలా "దీదీ, భేండీ తాజా హై" అని పిలిచింది. ఆ ఒక్క పిలుపుకు సరోజిని అక్కర్లేకపోయినా బెండకాయలు కొనేసింది.

భర్త గణేశ్వరరావు పవర్‌హౌసులో పని చేస్తాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, గొడవలంటే భయం. భోజనం దగ్గర బెండకాయ ముక్కలు పళ్ళెం అంచుకు నెడుతూ అన్నాడు:

"ఆదివారం సంఘం మీటింగుకి రమ్మన్నారు మనల్ని. మధుబాబు మాస్టారు ఫోను చేశాడు."

"ఎందుకు?"

"అందరి ముందూ ఒక్కసారి సారీ చెప్పీమంటున్నారు. అయిపోద్ది."

"దేనికి సారీ? టిక్కెట్టు ఇచ్చినందుకా?"

"దేనికో దానికి. మాట పోతే పోయింది సరోజినీ. రేపు నాకేదైనా అయితే మొయ్యడానికి రావాల్సింది ఆ నలుగురే కదా."

సరోజిని ఆ రోజు పళ్ళాలు గట్టిగా తోమింది. ఆయన మీద కోపం రాలేదు, వస్తే బాగుండేదనిపించింది. ఆయన చెప్పింది నిజం కావడమే విసుగు. పుట్టి పెరిగింది ఇక్కడే. సముద్రం దాటి వెళ్ళడానికి తనకు వేరే ఊరు లేదు. ఉన్నది ఈ బజారూ, ఈ బస్టాండూ, ఈ మనుషులే.

మర్నాడు బస్టాండు ఇన్‌చార్జి పిలిచాడు. హిందీ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఫ్యాను కింద ఫైళ్ళు ఎగరకుండా రాయి పెట్టి, ఆ రాయిని అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు. "దీదీ, ఆప్‌కీ గల్తీ నహీ హై. మాలూమ్ హై ముఝే." తప్పు లేదని తెలుసట. కానీ పైకి కంప్లైంటు వెళ్తే కొన్నాళ్ళు ఎక్కడో ఉత్తరం కొసనున్న డిగ్లిపూర్ కౌంటరుకు పంపాల్సి వస్తుందట. మీ సంఘంలో మీరే మాట్లాడుకుని తేల్చేసుకుంటే అందరికీ మంచిదట.

"నేను ఏం మాట్లాడను సార్," అంది సరోజిని. "ఒక టిక్కెట్టు. ఒక్కటే. అదే చెప్తాను ఎక్కడడిగినా."

అంత గట్టిగా అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. కౌంటరుకు తిరిగొచ్చి ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు మూత తిప్పింది. ఆ టీలో అల్లం లేదు.

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. దీవుల వాన ఒక్కసారిగా, ఎవరో ఆకాశాన్ని తలకిందులు చేసినట్టు పడుతుంది. బస్టాండు రేకుల కప్పు మీద ఆ చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. ఆటోవాళ్ళు పరదాలు దించుకుని లోపల ముడుచుకున్నారు. తర్వాతి బస్సుకు ఇంకా వేళ ఉంది. సరోజిని సందుకు అట్ట అడ్డం పెట్టి, జల్లు పడిన బల్లను గుడ్డతో తుడుస్తోంది. వెనక తలుపు మీద ఎవరో అరచేత్తో కొట్టారు.

తీస్తే నూకరత్నం. నెత్తి మీద ప్లాస్టిక్ గోనె. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. లోపలికి వచ్చి తలుపు తనే వేసింది. కూర్చోలేదు. గోనె కొసల నుంచి నీళ్ళు సిమెంటు మీద కారుతున్నాయి.

"కళ్ళున్నాయో పోయాయో చూద్దామని వచ్చావా?" అంది సరోజిని.

నూకరత్నం ఆ మాటను పట్టించుకోలేదు. "ఆ రోజు అదెలా ఉంది వదినా?"

"ఏం?"

"మొహం ఎలా ఉంది? ఏడ్సిందా?"

సరోజిని గుడ్డ పిండింది. చెప్పకూడదనే అనుకుంది. కానీ అడుగుతున్నది తల్లి. "ఏడవలేదు. కిటికీ పక్క సీటు అడిగింది, ఇచ్చాను. ఎక్కి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సు తిరిగేటప్పుడు ఇటు చూసింది."

"ఇటంటే? నీ వేపా?"

"నీ బండి వైపు."

నూకరత్నం గోనె అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "పులిహోర కట్టినాను. తినే ఉంటాదిలే" అంది.

సరోజిని చేతిలో గుడ్డ ఆగిపోయింది. వాన చప్పుడులో తను సరిగ్గా విన్నదో లేదో తెలియలేదు.

"నువ్వు కట్టావా?"

"సంచి సర్దింది నానే వదినా. ఎల్లమన్నదీ నానే."

సరోజిని స్టూలు మీద కూర్చుండిపోయింది. అమ్మకు చెప్పే వెళ్తున్నావా అని అడిగితే ఊపిన తల గుర్తొచ్చింది. ఆ పిల్ల అబద్ధమాడలేదు.

"ఆ సంబంధం వొద్దని మూడు నెల్లు ఏడ్సింది," నూకరత్నం మెల్లగా చెబుతోంది. "వోడికి ముందో పెళ్ళాముండేది. కొట్టి తరిమేసినాడట. మా ఆడపడుచు దాసిపెట్టింది, నాకు వేరే వోళ్ళ నోట తెలిసింది. ఈయనకి సెప్తే, మాటిచ్చీసినాను, ఇంక మాట్లాడకు, అన్నాడు. పిల్ల ఎక్కడుందో నువ్వడగకు. అడిగితే నీకూ తెలిసిపోద్ది. బాగుంది, పని దొరికింది. అంతే."

"కుర్రాడు?"

"ఏ కుర్రోడూ లేడు. నాకు తెలీదేటి?"

"నువ్వు నన్ను తిట్టావు," అంది సరోజిని. "ఊరందరి ముందూ. చేతులు పడిపోవాలన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

"ఎవర్నో ఒకర్ని తిట్టాలి కదా. తిట్టకపోతే ఆయన నా వేపు సూసేవోడు. నువ్వు ఎదురుగా ఉన్నావు." నూకరత్నం చేత్తో మొహం తుడుచుకుంది. గాజులు పైకి జరిగాయి. మణికట్టు మీద కమిలిన మచ్చ, అంచులు పసుపు తిరుగుతోంది. ఆమె గబుక్కున చెయ్యి దించేసింది. "నీకు ఉద్యోగముంది. మీ ఆయన నీ మీద సెయ్యెత్తడు. నువ్వు తట్టుకుంటావనుకున్నాను."

"తట్టుకునేవాళ్ళ మీదే పడేస్తారా అన్నీ?"

నూకరత్నం గాజులు మళ్ళీ మణికట్టు మీదికి లాక్కుంది. వాన కొంచెం తెరిపి ఇచ్చింది. బయట ఆటో పరదా ఎత్తిన చప్పుడైంది. ఆమె ఉలిక్కిపడి గోనె మళ్ళీ నెత్తి మీదికి లాక్కుంది.

"రేపు మీటింగులో నువ్వేటంటావో నీ ఇష్టం. నిజం సెప్పినా నానేటీ అనను. నా నోటమ్మట మాత్రం రాదు వదినా. ఆయనకి తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వడు. నాకు మాత్రం ఇంకెక్కడుంది?"

"వెళ్ళు," అంది సరోజిని. "ఎవరైనా చూస్తారు, వెళ్ళు."

తలుపు వేశాక చాలాసేపు ఆమెకు ఒళ్ళంతా మండింది. ఇన్నాళ్ళ టీ, ఇన్నాళ్ళ వదినా పిలుపూ, అన్నీ నూకరత్నం ఒక్క గరిటెతో రోడ్డు మీద పారబోసింది. రేపు లేచి నిలబడి ఒక్క వాక్యం చెబితే చాలు. పాలావిడ పాలు తెస్తుంది, డిగ్లిపూర్ మాట ఎవరూ ఎత్తరు. ఆ వాక్యం ఎలా చెప్పాలో ఆమె రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకుంది కూడా. సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి అట్టను తోసింది. "నాలుగు గంటల బస్సుందా?" అని ఎవరో అడిగారు. ఉందని చెప్పి యంత్రం ముందుకు లాక్కుంది.

సంఘం హాలు బజారు వెనక, మిట్ట మీద ఉంది. రేకుల కప్పు. మగవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆడవాళ్ళకు గోడవారగా బల్లలు. ఆదివారం సాయంత్రం సగం కుర్చీలు నిండాయి. మామూలు మీటింగులకు ఇంతమంది రారు. సరోజిని ఆడవాళ్ళ వైపు వెళ్ళబోతే మధుబాబు మాస్టారు మర్యాదగానే, "మీరు కొంచెం ఇక్కడే ఉండండమ్మా" అని ముందు వరస దగ్గర చూపించాడు. అక్కడ కుర్చీ లేదు. ఆమె నిలబడింది. గణేశ్వరరావు తన కుర్చీలోంచి సగం లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

తిరుమలరావు మాట్లాడాడు. మొదట సంఘం పరువు గురించి, తర్వాత తన మాట పరువు గురించి. గొంతు మధ్యలో ఒకసారి బొంగురుపోయింది. ఆ మనిషికి నిజంగానే నిద్రలేదని కళ్ళ కింద చూస్తే తెలుస్తోంది. సరోజినికి అతని మీద కూడా కొంచెం జాలేసింది. అది ఆమెకు నచ్చలేదు.

"టిక్కెట్టు ఇచ్చినావిడ ఒక్కతేనా అని ఆలోచిస్తున్నాను నేను," అన్నాడతను. "బట్టలు సర్దుకుంది, కార్డులూ సర్టిఫికెట్లూ పట్టుకెళ్ళింది. బీరువా తాళం ఎవరిచ్చారు? ఇంట్లో మనిషి సాయం లేకుండా ఒక ఆడపిల్ల ఇంత పని చేస్తుందా?"

అతను ఆడవాళ్ళ బల్లల వైపు తిరిగాడు. నూకరత్నం చివరి బల్ల మీద కూర్చుని ఉంది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, ఇంత ఉక్కలో. నేల మీద ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. ఆమె చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నిన్నటి నుంచి పేర్చుకున్న మాటలేవీ సరోజినికి అందలేదు.

"నేనే సాయం చేశాను," అంది.

తిరుమలరావు ఇటు తిరిగాడు.

"ముందు రోజు బస్టాండులో కనబడి, వెళ్ళిపోతానత్తా అంది. కార్డులూ అవీ జాగ్రత్తగా పెట్టుకోమని నేనే చెప్పాను. మీకు ఫోను చెయ్యాల్సింది, చెయ్యలేదు. ఏడుస్తుంటే చూడలేక బస్సెక్కించేశాను. ఇంకెవరి చెయ్యీ లేదు. తప్పు నాదే."

చెప్పడం ఇంత తేలికా అనిపించింది. గణేశ్వరరావు నోరు కొంచెం తెరిచి ఆమె కేసి చూస్తున్నాడు. వెనక ఎవరో, "చూశావా, నేనప్పుడే అన్నాను" అన్నారు. ఎరుకమ్మ నాలుక చప్పరించింది. తిరుమలరావు చూపు ఆడవాళ్ళ వైపు నుంచి పూర్తిగా మళ్ళింది. కుర్చీలో కూలబడి, మోకాళ్ళ మధ్య గొడుగు నిలబెట్టి, పిడి మీద రెండు చేతులూ వేశాడు.

"ఒప్పుకున్నారు కాబట్టి," అన్నాడు మధుబాబు మాస్టారు గొంతు సవరించుకుని, "కంప్లైంటు మాట వదిలేద్దాం. మన మనిషే కదా. తల్లి కూడా ఒక మాట అనేస్తే బాగుంటుంది. నూకరత్నం గారూ, క్షమించానని ఒక్క మాట చెప్పండమ్మా."

నూకరత్నం లేచింది. అందరూ ఆమె కేసి తిరిగారు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని అలాగే నిలబడింది. మాస్టారు మళ్ళీ, "చెప్పండమ్మా, పరవాలేదు" అన్నాడు. సరోజిని గోడ మీద క్యాలెండరు చూస్తోంది. ఆ మాట తనను చూస్తూ అనకపోతే చాలు అనుకుంది.

"ఏటి సెప్పాలి?" నూకరత్నం గొంతు ఒక్కసారిగా పగిలింది. "ఎంతసేపని నిలబెడతారు మనిషిని? రోజంతా డ్యూటీ సేసి వొచ్చే మనిషి. కుర్చీ వెయ్యరేటి ఒక్కలూ? కుర్చీ లేకపోతే ఇటు పంపండి."

అని, బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వాళ్ళూ జరిగారు.

సరోజిని వెళ్ళి కూర్చుంది. కూర్చున్నాకే పిక్కలు ఎంత లాగుతున్నాయో తెలిసింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. ఇరుకు బల్ల. నూకరత్నం భుజం ఆమె భుజానికి ఆనుకుని జ్వరం వచ్చినదానిలా వేడిగా ఉంది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, వానలు ముదరకముందే హాలు కప్పు బాగుచేయించే సంగతి ఎత్తాడు. పాత రేకులే చాలని కొందరు, మార్చాల్సిందేనని కొందరు. రేకులు ఏ ఓడలో వస్తాయో, ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. అది తేలడానికి చాలాసేపు పట్టేలా ఉంది.